‘హోమ్’ అనే మాట: ఆస్ట్రేలియాలో బ్రిటిష్ వలసదారుల జాతీయతా భావం, సంఘం

ఉపోద్ఘాతం

1981 ఆగస్టు 24న ఆస్ట్రేలియాలోని ఒక పెద్ద సంఘం తన పేరు మార్చుకుంది. అంతవరకు దాని పేరు ‘చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఇన్ ఆస్ట్రేలియా’. ఆనాటి నుండి అది ‘ఆంగ్లికన్ చర్చ్ ఆఫ్ ఆస్ట్రేలియా’ అయింది. ఆస్ట్రేలియాలోని వలస రాజ్యాలు కలిసి 1901లో ఒక సమాఖ్యగా ఏర్పడిన తరువాత, ఈ మార్పు రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. దీనివల్ల విశ్వాస ప్రమాణం మారలేదు, సంస్కారాలు మారలేదు. ‘మీరు ఎక్కడివారు?’ అన్న ప్రశ్నకు ఆ సంఘం ఇచ్చుకునే జవాబు మాత్రం మారింది.

దేశం మారిన మనుష్యుల మనస్సులో జాతీయతా భావం ఏమవుతుంది? దానిని కాపాడడంలోను, మార్చడంలోను సంఘం పాత్ర ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను ఆస్ట్రేలియాలో స్థిరపడిన బ్రిటిష్ ప్రజల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. పోలిక కొరకు చివర్లో దక్షిణ అమెరికాకు వెళ్లిన వేల్ష్ ప్రజలను కూడా చూస్తాము. వలసదారుల జాతీయతను అందరికంటె ఎక్కువ కాలం మోసినది సంఘమే అన్నది మా అభిప్రాయం. ఆ మోత కొందరికి ఆశ్రయమైంది, మరికొందరికి అడ్డుగోడ అయింది.

1. విదేశంలో తయారైన ‘బ్రిటిష్’ గుర్తింపు

బ్రిటిష్ జాతీయత ఓడ ఎక్కినప్పుడే పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్న వస్తువని మనం అనుకుంటాము. వాస్తవం కొంత వేరు. స్వస్థలంలో వారు ఇంగ్లీషువారు, స్కాట్లండువారు, వేల్స్‌వారు, ఐర్లండువారు. వారిలో అనేకులకు జిల్లా, గ్రామం, తాము చేరిన సంఘశాఖ అంతకంటె దగ్గరి గుర్తింపులు. సముద్రం దాటి, ఒకే పట్టణంలో, ఒకే గవర్నరు క్రింద, ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా జీవించవలసి వచ్చినప్పుడు వారిని కలిపి పిలిచే పేరు అవసరమైంది. ‘బ్రిటిష్’ అనే మాటకు పూర్తి బలం వచ్చింది అక్కడే.

ఈ కలయిక తగవు లేకుండా జరగలేదు. 1823లో సిడ్నీకి వచ్చిన స్కాట్లండు ప్రెస్బిటేరియన్ సేవకుడు జాన్ డన్‌మోర్ లాంగ్, ఇంగ్లండు సంఘానికున్న హక్కులన్నీ స్కాట్లండు సంఘానికి కూడా ఉండాలని వాదించాడు. రాజ్యం బ్రిటన్‌ది గాని ఇంగ్లండుది మాత్రమే కాదన్నది ఆయన వాదన. 1836లో గవర్నరు బర్క్ తెచ్చిన సంఘాల చట్టం ఆంగ్లికన్, కాథలిక్, ప్రెస్బిటేరియన్ సంఘాలకు ప్రభుత్వ సహాయాన్ని ఇచ్చింది. ఇంగ్లండులో ఆనాడు ఊహకు అందని సమానత్వం ఇది. ఇదే లాంగ్ వేలాది ప్రొటెస్టంటు వలసదారులు రావడానికి పాటుపడి, 1850ల నాటికి ఆస్ట్రేలియా స్వతంత్ర గణతంత్రం కావాలని బోధించేవాడయ్యాడు. బ్రిటన్ నుండి జనాన్ని తెచ్చిన మనిషే బ్రిటన్‌తో ముడి విప్పాలన్నాడు. వలసదారుని మనస్సు ఎంత సంక్లిష్టమైనదో దీనివల్ల తెలుస్తుంది.

ఐర్లండు కాథలిక్కుల పరిస్థితి ఇంకా భిన్నం. చట్టరీత్యా వారూ బ్రిటిష్ ప్రజలే. అయినను 1916, 1917 సంవత్సరాలలో నిర్బంధ సైనిక సేవపై జరిగిన రెండు ప్రజాభిప్రాయ సేకరణలలో మెల్బోర్న్ కాథలిక్ నాయకుడు డేనియల్ మానిక్స్ వ్యతిరేక పక్షాన నిలిచాడు. ఆంగ్లికన్ నాయకులలో అనేకులు అనుకూల పక్షాన నిలిచారు. రెండుసార్లు ప్రతిపాదన ఓడిపోయింది. సామ్రాజ్యం పట్ల విధేయత అనే ప్రశ్న ప్రజలను సంఘాల సరిహద్దుల వెంబడి చీల్చింది.

2. సంఘం మోసిన జ్ఞాపకం

1788 జనవరిలో ఖైదీలతో వచ్చిన మొదటి ఓడల సముదాయంలో రిచర్డ్ జాన్సన్ అనే చాప్లెయిన్ ఉన్నాడు. ఫిబ్రవరి 3న ఆయన బహిరంగ స్థలంలో ప్రసంగించాడు. తీసుకున్న వాక్యభాగం 116వ కీర్తన 12వ వచనం, దేవుని ఉపకారాలకు బదులుగా ఏమి ఇవ్వగలనన్న ప్రశ్న. వింటున్న వారిలో అధికభాగం సంకెళ్లతో దేశం దాటించబడినవారు. 1868 వరకు సుమారు 1,60,000 మంది ఖైదీలు ఆ విధంగా తేబడ్డారు. వారిని గెంటివేసిన దేశమే తరువాతి తరాల నోట ‘హోమ్’ అయింది.

ఇండియా సంఘ చరిత్ర చదివేవారికి ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. 1820లలో ఆస్ట్రేలియాలోని ఆంగ్లికన్ సంఘం కలకత్తా బిషప్పు అధికారం క్రింద ఉండేది. 1836లో విలియం బ్రాటన్ ‘ఆస్ట్రేలియా బిషప్పు’గా నియమింపబడేవరకు సిడ్నీలోని సేవకులకు పైవాడు బెంగాలులో ఉన్న బిషప్పు. లండన్‌లో గీసిన పటంలో కలకత్తా, సిడ్నీ ఒకే సామ్రాజ్యపు రెండు మూలలు.

తరువాతి వందేళ్లు సంఘ జీవితంలో ఇంగ్లండు నిత్యం ప్రత్యక్షమైంది. బిషప్పులు ఓడలో వచ్చేవారు. ప్రార్థనలలో రాజు పేరు, రాణి పేరు ఉండేవి. దేవాలయాలు ఇంగ్లండు గ్రామాల గోథిక్ పద్ధతిలో లేచేవి. ఉత్తరార్ధగోళంలో చలికాలంలో వచ్చే క్రిస్మస్ ఇక్కడ మండువేసవిలో వచ్చేది. వసంతంలో రావలసిన ఈస్టరు ఆకులు రాలే కాలంలో వచ్చేది. అయినను మంచు, చలిమంటల గీతాలనే పాడేవారు. సిడ్నీ ఆర్చిబిషప్పు పదవికి ఆస్ట్రేలియాలో పుట్టిన వ్యక్తి మొదటిసారిగా వచ్చింది 1966లో, ఆయన మార్కస్ లోన్. చట్టపరంగా సైతం అక్కడి ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు సంఘం నుండి స్వతంత్రమైన నిబంధనావళిని పొందింది 1962 జనవరి 1న మాత్రమే.

‘హోమ్’ అనే మాటను మన అనుభవంతో కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు కూడా పండుగకు ‘ఊరు వెళ్తున్నాం’ అంటాడు. ఆ ఊరు తాతగారిది కావచ్చు, ఇల్లు పడిపోయి ఉండవచ్చు, అయినను అది ఊరే. అలాగే ఇంగ్లండును ఎన్నడూ చూడని ఆస్ట్రేలియన్లు సైతం దానిని ‘హోమ్’ అన్నారు. అయితే మన ఊరు ఒక దినపు ప్రయాణం. వారి ‘హోమ్’ నెలల తరబడి ఓడ ప్రయాణం. కావున దానిని చూసేందుకు వెళ్లలేనివారికి ఆదివారపు ఆరాధన ఆ ప్రయాణానికి ప్రత్యామ్నాయం అయింది.

3. ఒకే పేరు, రెండు తలుపులు

‘బ్రిటిష్ ప్రజ’ అనే చట్టపరమైన హోదా లండన్‌లో పుట్టినవానికీ, మద్రాసులో పుట్టినవానికీ ఒక్కటే. నెల్లూరు, విశాఖపట్నం జిల్లాల తెలుగువాడు కూడా చక్రవర్తి ప్రజయే. కాని ఆస్ట్రేలియా సమాఖ్య తొలి చట్టాలలో ఒకటైన 1901 వలస నియంత్రణ చట్టం ఆ సమానత్వాన్ని పక్కన పెట్టింది. జాతిని పేర్కొంటే లండన్ ప్రభుత్వానికి ఇబ్బంది కలుగుతుందని ‘డిక్టేషన్ పరీక్ష’ పెట్టారు. అధికారి ఏదో ఒక యూరపు భాషలో 50 మాటలు చదువుతాడు, వచ్చినవాడు తప్పులేకుండా వ్రాయాలి. వద్దనుకున్న మనిషికి రాని భాషను ఎంచుకుంటే చాలు. ఈ ఎత్తుగడకు మాతృక దక్షిణ ఆఫ్రికాలోని నేటాల్‌లో 1897లో వచ్చిన చట్టం. అక్కడ దాని గురి భారతీయులే. వారిలో చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారు అనేకులు. ఆస్ట్రేలియాలో ఈ పరీక్ష 1958 వరకు నిలిచింది. జాతి ఆధారిత వలస విధానం యొక్క చివరి ఆనవాళ్లు 1973లో తొలగించబడ్డాయి.

ఆ నేల అసలు వారసులైన ఆదివాసుల సంగతి ఇంకా బాధాకరం. 1902 ఓటు హక్కు చట్టం వారిలో అత్యధికులను వెలుపల ఉంచింది. సమాఖ్య ఎన్నికలలో వారందరికీ ఓటు హక్కు 1962లో వచ్చింది. జనాభా లెక్కలలో వారిని చేర్చేందుకు రాజ్యాంగ సవరణ 1967 మే 27న 90 శాతానికి పైగా ఓట్లతో నెగ్గింది. నిన్న ఓడ దిగిన ఇంగ్లీషువాడు కొద్ది నెలలు నివసిస్తే ఓటు వేయగలిగిన కాలంలో, వేల ఏళ్లుగా అక్కడ ఉన్నవాడు తన దేశంలో లెక్కలోని మనిషి కాలేదు. జాతీయతా భావం ‘మనం ఎవరం’ అన్న దానితోపాటు ‘ఎవరు మనవారు కారు’ అన్నది కూడా చెబుతుంది. సంఘం మొదటి మాటను ఆశీర్వదించినప్పుడు రెండవ మాటకు కూడా బాధ్యత వహించవలసి ఉంటుంది.

ఆ బాధ్యతకు ఒక కఠినమైన ఉదాహరణ బాల వలసదారులు. ఇరవయ్యవ శతాబ్దంలో వేలాది మంది పిల్లలను బ్రిటన్‌లోని ధర్మసంస్థలు, సంఘాల అనాథాశ్రమాలు ఆస్ట్రేలియాకు పంపాయి. సామ్రాజ్యానికి మంచి బ్రిటిష్ సంతతి కావాలన్నది ఒక ఉద్దేశం. తల్లిదండ్రులు బ్రతికి ఉన్న పిల్లలకు కూడా ‘మీకు ఎవరూ లేరు’ అని చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అనేకులు కష్టమైన కూలిపనికి, హింసకు గురయ్యారు. 2009 నవంబరు 16న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, 2010 ఫిబ్రవరి 24న బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ వారిని క్షమాపణ కోరారు. పేరు, ఊరు, తల్లి తెలియకుండా పెరిగిన ఆ పిల్లలకు ‘బ్రిటిష్ గుర్తింపు’ అనే మాట ఏమి మిగిల్చిందో సంఘ చరిత్రకారులు ఆలోచించాలి.

4. పది పౌండ్ల వలసదారులు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆస్ట్రేలియా వలస మంత్రి ఆర్థర్ కాల్వెల్ జనాభా పెంచనిదే దేశానికి రక్షణ లేదన్నాడు. బయటి దేశస్థుడు ఒకడు వస్తే బ్రిటన్ నుండి పదిమంది రావాలని ఆశించాడు. 1947లో మొదలైన సహాయ ప్రయాణ పథకంలో పెద్దవారు పది పౌండ్లు చెల్లిస్తే చాలు. 1970ల ఆరంభం నాటికి పదిలక్షలకు పైగా బ్రిటిష్ వలసదారులు వచ్చారు. రెండేళ్లు నిలువక తిరిగిపోదలచినవారు ప్రయాణ ఖర్చు ప్రభుత్వానికి చెల్లించాలి.

వీరు పరదేశానికి వెళ్తున్నామని అనుకోలేదు. అదే భాష, అదే రాజు, అదే ప్రార్థన పుస్తకం. అయితే దిగిన తరువాత అనేకులకు మొదటి నివాసం ఇనుప రేకుల గుడిసెల వసతి గృహం. స్థానికులు పెట్టిన పేరు ‘పామ్’, కష్టం చెప్పుకుంటే ‘సణిగే పామ్’. వచ్చినవారిలో సుమారు నాల్గవ వంతు బ్రిటన్‌కు తిరిగి వెళ్లారు. వారిలోనూ చాలామంది అక్కడ ఇమడలేక మళ్లీ ఆస్ట్రేలియాకు వచ్చారు. వదిలివచ్చిన ఊరు తాము లేనప్పుడు మారిపోయింది, తామూ మారిపోయారు. జేమ్స్ హామర్టన్, ఆలిస్టర్ థామ్సన్ అనే చరిత్రకారులు 2005లో ప్రచురించిన గ్రంథంలో వీరిని ‘కనిపించని వలసదారులు’ అన్నారు. ఇటలీ, గ్రీసువారి పరాయితనం అందరికీ కనిపించింది. బ్రిటిష్‌వారి పరాయితనం ఎవరికీ కనిపించలేదు, కనుక వారి దుఃఖానికి ఓదార్పు కూడా కరువైంది. భాష ఒక్కటే కాబట్టి వారికి వేరుగా కాపరి అవసరమని సంఘం సైతం సులభంగా గుర్తించలేదు.

అయినను వారి పిల్లలు పూర్తిగా ఆ దేశస్థులయ్యారు. వేల్స్‌లో పుట్టి 1966లో వచ్చిన జూలియా గిలార్డ్, లండన్‌లో పుట్టి 1960లో వచ్చిన టోనీ ఎబట్ తరువాతి కాలంలో ఒకరి తరువాత ఒకరుగా కాకపోయినా కొద్ది ఎడంతో ఆస్ట్రేలియా ప్రధానులయ్యారు.

5. ఎవరు ఎవరిని విడిచారు?

1939 సెప్టెంబరు 3న ప్రధాని మెంజీస్ రేడియోలో, బ్రిటన్ యుద్ధం ప్రకటించింది గనుక ఆస్ట్రేలియా కూడా యుద్ధంలో ఉన్నదని తెలియజేశాడు. వేరే నిర్ణయం అవసరమని ఆయనకు తోచలేదు. 1941 డిసెంబరు చివర్లో ప్రధాని కర్టిన్ ఆస్ట్రేలియా ఇక అమెరికా వైపు చూస్తుందని వ్రాశాడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. కాపాడుతుందనుకున్న చేయి అందలేదు.

తరువాతి మార్పు తిరుగుబాటుగా రాలేదు, చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1949 జనవరి 26న ‘ఆస్ట్రేలియా పౌరసత్వం’ మొదటిసారి చట్టంలోకి వచ్చింది, కాని ఆ పౌరులు బ్రిటిష్ ప్రజలుగానే కొనసాగారు. అసలు దెబ్బ అవతలి నుండి వచ్చింది. 1962లో బ్రిటన్ కామన్వెల్త్ దేశాల వారి రాకను నియంత్రించింది. 1973 జనవరి 1న బ్రిటన్ యూరపు ఆర్థిక సమాజంలో చేరింది. సరిగ్గా ఆ రోజే కొత్త వలస చట్టం కూడా అమలులోకి వచ్చింది. తల్లిదండ్రులలో ఎవరూ బ్రిటన్‌లో పుట్టని ఆస్ట్రేలియన్‌కు, తాను ‘హోమ్’ అని పిలిచిన నేలలో స్వేచ్ఛగా స్థిరపడే హక్కు లేదని తేలింది. ఇల్లు అనుకున్నచోట అతిథి కావలసి వచ్చింది.

ఇక ముడులు త్వరగా విడిపోయాయి. 1984 నుండి కొత్తగా వచ్చిన బ్రిటిష్‌వారికి పౌరసత్వం లేకుండా ఓటు లేదు. ఆ సంవత్సరమే కొత్త జాతీయగీతం అధికారికమైంది. 1986 చట్టాలతో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీళ్లు ముగిశాయి. 1999లో ఆస్ట్రేలియా హైకోర్టు, సెనేటుకు ఎన్నికైన ఒక బ్రిటిష్ పౌరురాలి కేసులో, రాజ్యాంగం దృష్టిలో బ్రిటన్ ‘విదేశీ శక్తి’ అని తీర్పు చెప్పింది. విచిత్రమేమంటే అదే సంవత్సరం నవంబరు 6న, రాణిని తొలగించి గణతంత్రం కావాలా అన్న ప్రశ్నకు సుమారు 55 శాతం వద్దన్నారు. చట్టం బ్రిటన్‌ను విదేశం అన్నది. ప్రజలు విదేశంలో నివసించే రాణినే ఉంచుకున్నారు. ప్రతిపాదించిన పద్ధతి నచ్చక వద్దన్నవారు కూడా వారిలో ఉన్నారు కనుక దీనినంతా పాత ప్రేమకు లెక్కకట్టరాదు.

ఈ కాలక్రమంలో సంఘం ఎక్కడ ఉంది? మెథడిస్టులు, కాంగ్రిగేషనల్ సంఘాలు, ప్రెస్బిటేరియన్లలో అధికులు కలిసి 1977 జూన్ 22న ‘యునైటింగ్ చర్చ్ ఇన్ ఆస్ట్రేలియా’ అయ్యారు. బ్రిటన్‌లోని తగవుల వల్ల పుట్టిన పేర్లను అక్కడే వదిలారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న చేసిన పనిని వారు ముప్పై ఏళ్ల తరువాత చేశారు. ఇండియాలోని ఆంగ్లికన్ సంఘం 1930లోనే, అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, ఇంగ్లండు సంఘం నుండి చట్టరీత్యా వేరై తన పేరులో ఇండియాను చేర్చుకుంది. మనవారికి ఇంగ్లండు ‘హోమ్’ కాదు గనుక విడవడం సులభమైంది. సొంత బిడ్డలకే అది కష్టమైంది.

6. మరొక మార్గం: పటగోనియా వేల్ష్ ప్రజలు

ఆస్ట్రేలియాకు వెళ్లినవారు బ్రిటిష్‌గా ఉండడానికి వెళ్లారు. బ్రిటన్‌లో ఇంగ్లీషు ఒత్తిడిని తప్పించుకోవడానికి వెళ్లినవారు కూడా ఉన్నారు. 1847లో ప్రభుత్వ విద్యా నివేదిక వేల్స్ ప్రజల వెనుకబాటుకు వారి భాషను, వారి స్వతంత్ర సంఘాలను నిందించింది. బాలా పట్టణంలోని వేదాంత కళాశాల అధిపతి మైకేల్ డి. జోన్స్, వేల్ష్ భాషలో ఆరాధించి, చదువుకుని, పరిపాలించుకోగల ఒక వలసను ప్రతిపాదించాడు. 1865 జూలై 28న ‘మిమోసా’ అనే ఓడలో సుమారు 150 మంది అర్జెంటీనాలోని పటగోనియా తీరంలో దిగారు. ఎండిన నేలలో తెహుయెల్చె ఆదివాసుల స్నేహం, వేట నేర్పు వారిని బ్రతికించాయి. చుబుత్ నది నుండి కాలువలు త్రవ్వి గోధుమ పండించారు. ప్రార్థనా మందిరమే బడి, సభాస్థలం.

వారి జాతీయతకు పరీక్ష రెండుసార్లు వచ్చింది. 1890లలో అర్జెంటీనా ప్రభుత్వం యువకులకు ఆదివారం సైనిక కవాతు విధించింది. విశ్రాంతిదినాన్ని ఆచరించే ప్రజలకు ఇది మనస్సాక్షి సమస్య. 1899లో వారి ప్రతినిధులు లండన్ వెళ్లి బ్రిటన్ సహాయం కోరారు. ఏ ప్రభుత్వపు నీడ నుండి తొలగి వచ్చారో దాని తలుపే తట్టారు. బ్రిటన్ జోక్యం చేసుకోలేదు. 1902లో ఆండీస్ పర్వతాల సరిహద్దు తగవులో, ట్రెవెలిన్ వద్ద వేల్ష్ రైతులు చిలీ కాదు, అర్జెంటీనాయే తమ దేశమని తెలియజేశారు. 1982 ఫాక్లండ్స్ యుద్ధంలో బ్రిటన్ పక్షాన వేల్ష్ గార్డులు, అర్జెంటీనా పక్షాన వేల్ష్ సంతతి సైనికులు ఉన్నారు. భాష, కీర్తనలు ఒక్కటే అయినను జెండాలు వేరయ్యాయి. వారు అర్జెంటీనా దేశస్థులుగానే ఉండి వేల్ష్ భాషను కాపాడుకున్నారు. రాజ్యం మద్దతు లేకుండా ఆ భాష నిలిచింది సంఘం వల్లనే.

ముగింపు: మన సంఘాలకు ఒక మాట

2021 ఆస్ట్రేలియా జనాభా లెక్కల ప్రకారం విదేశాలలో పుట్టి అక్కడ నివసిస్తున్నవారిలో మొదటి స్థానం ఇంగ్లండుది, రెండవ స్థానం ఇండియాది. ఒకనాడు డిక్టేషన్ పరీక్షతో ఆపిన తలుపు గుండా నేడు తెలుగు కుటుంబాలు లోపలికి వెళ్లాయి. సిడ్నీ, మెల్బోర్న్ పట్టణాలలో తెలుగు ఆరాధనలు జరుగుతున్నాయి. అమెరికాలో, గల్ఫ్ దేశాలలో సంగతి మనకు తెలిసినదే. ఇది మనకు పూర్తిగా కొత్త కాదు. 1903లో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు సంఘాలు నేటాల్ తోటలలోని తెలుగు కూలీల కొరకు జాన్ రంగయ్యగారిని పంపాయి. ఇంటిభాషలో వినిపించిన సువార్త పరాయి నేలపై వారిని నిలబెట్టింది. తరువాతి తరాల ఇంటిభాష ఇంగ్లీషు అయింది.

ఈ చరిత్ర నుండి మేము గ్రహించినవి మూడు. మొదటిది, వచ్చిన తరానికి తమ భాషలో, తమ రాగంలో ఆరాధన అవసరం. దానిని ఛాందసమని త్రోసివేయరాదు. పటగోనియా దీనికి సాక్ష్యం. రెండవది, ఆ ఆరాధన వెనుక ఎవరిని వెలుపల ఉంచుతున్నామో పరీక్షించుకోవాలి. బ్రిటిష్ సంఘాలు ‘హోమ్’ను తలచుకుని కన్నీరు పెట్టిన సంవత్సరాలలోనే ఆదివాసి గేటు బయట నిలిచాడు. మన విషయంలో ఆ గేటు కులం కావచ్చు, ప్రాంతం కావచ్చు. విమానం ఎక్కినంత మాత్రాన అవి ఇక్కడ ఉండిపోవు. మూడవది, వదిలివచ్చిన దేశం మన కొరకు అలాగే వేచి ఉండదు. బ్రిటన్ తన దారి తాను చూసుకున్నప్పుడు, దానిమీదనే ఆనుకున్న సంఘాలు తమ పేరునే తిరిగి వెదకుకోవలసి వచ్చింది.

యిర్మీయా 29వ అధ్యాయంలోని ఉత్తరం బబులోనులోని చెరవారిని ఇండ్లు కట్టుకొనుడని, ఆ పట్టణ క్షేమం కొరకు ప్రార్థించుడని ఆజ్ఞాపించింది. సీయోనును మరచిపొమ్మని అది చెప్పలేదు. ఈ రెండింటినీ ఒకే సంఘంలో, ఒకే ఆదివారం, తాతకూ మనుమరాలికీ బోధించడమే విదేశాలలోని తెలుగు కాపరి ముందున్న పని. ఆ మనుమరాలు ఏ భాషలో ప్రార్థిస్తుందో, ఏ పొరుగువారిని ఆరాధనకు తోడుకొని వస్తుందో, దాని కొరకు మన సంఘాలు ఇప్పుడే చోటు ఏర్పరచాలి.